కోడిజాతి పక్షుల పేలను పోల్చుకోవడం గురించి ఒక లేఖ

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఫెజంట్లు (పొడవాటి తోకల అడవికోళ్ళ వంటి పక్షులు), కౌజులు, పూరేళ్ళు, గిన్నెకోళ్ళు, నెమళ్ళ మీద నుంచి సేకరించిన పేలను సీసాల్లో పెట్టి బల్ల మీద వరుసగా పేర్చుకున్నాననీ, మైక్రోస్కోపు కింద చూస్తే అన్నీ ఒకేలా కనిపిస్తున్నాయనీ, ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదనీ రాశావు. ఈ పనిలో దిగిన ప్రతివాళ్ళకూ మొదటి నెలల్లో అలాగే ఉంటుంది. కంటికి ఏది ముఖ్యమో, ఏది కాదో ఇంకా తెలియకపోవడం వల్ల వచ్చే ఇబ్బంది అది. నేను చాలా ఏళ్ళుగా ఈ పేలతోనే గడిపాను కనుక, ఏ అవయవాన్ని ముందు చూడాలి, దేన్ని తరువాతకు వాయిదా వేయాలి, దేన్ని అసలు నమ్మకూడదు అన్న విషయాలు నాకు తెలిసినంతలో వివరంగా రాస్తాను.

అన్నిటికంటే ముందు ఒక మాట చెప్పాలి. సీసా మీద అంటించిన చీటీలోని పక్షి పేరు చదివి పేనుకు పేరు పెట్టే అలవాటు చేసుకోకు. పేను శరీరం చూసి ఒక నిర్ణయానికి వచ్చాకే చీటీ చదువు. రెండూ సరిపోతే సంతోషం. సరిపోకపోతే ఆ తేడాకు కారణం వెతకాలి, అంతేగాని చీటీకి తగినట్టు పేను లక్షణాలను సర్దుకోకూడదు. ఇది నేను పొరపాటు చేసి నేర్చుకున్న సంగతి. పని మొదలుపెట్టిన తొలి రోజుల్లో ఒకచోటి నుంచి నాకు ఫెజంట్ పేలని చెప్పి ఒక సీసా వచ్చింది. వాటిని ఫెజంట్ మీద ఉండే జాతిగానే లెక్కవేసి, తలకింది ముళ్ళను సరిగా చూడకుండా పుస్తకంలో నమోదు చేశాను. కొన్ని నెలల తరువాత అవే స్లైడ్లను వేరే పని మీద మళ్ళీ తీసి చూస్తే, అవి పెంపుడు కోడి మీద ఉండే మామూలు పేలని తేలింది. విచారిస్తే, పక్షులను తీసుకువచ్చిన మనిషి ఫెజంట్లనూ కోళ్ళనూ ఒకే గోనెసంచిలో వేసి తెచ్చాడని తెలిసింది. సంచిలో పేలు ఒక పక్షి మీద నుంచి మరో పక్షి మీదికి పాకాయి. ఆ ముల్లు నేను మొదటిరోజే చూసి ఉంటే అనుమానం అప్పుడే వచ్చేది.

కోడిజాతి పక్షుల విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. వీటి మీద ఒకే రకం పేను ఉండదు. ఒక్క నెమలి మీదే గోనియోడెస్, గోనియోకోటెస్, లిప్యూరస్, అమిర్సిడియా, కాల్పోసెఫాలమ్ ప్రజాతుల (ప్రజాతి అంటే దగ్గరి జాతుల గుంపు) పేలు వేర్వేరు చోట్ల బతుకుతాయి. పైగా ఈ పక్షులను మనుషులు ఒకచోట చేర్చి పెంచుతారు కాబట్టి, గిన్నెకోడి మీద ఉండవలసిన పెద్ద పేను కోడి మీద కనిపించడం, టర్కీ కోడికి చెందినదని చాలామంది భావించే మెనాకాంథస్ స్ట్రామినియస్ కోళ్ళన్నిటికీ పాకిపోవడం వంటివి మామూలుగా జరుగుతుంటాయి. పక్షి పేరు నీకొక ఆధారం మాత్రమే.

సేకరణ గురించి ఎక్కువ రాయను, నీకు తెలిసినదే. చనిపోయిన ప్రతి పక్షినీ వెంటనే విడి సంచిలో వేసి మూతి బిగించు. బతికిన పక్షి అయితే పైరెత్రమ్ పొడి ఈకల్లోకి చల్లి, తెల్లని కాగితం మీద దులుపు. ప్రతి పక్షికి ముందు కాగితం మార్చు, చేతులు తుడుచుకో. వీలైతే తల, మెడ, రెక్కలు, వీపు, గుద భాగం ఈకల నుంచి రాలిన వాటిని విడివిడిగా ఉంచు, ఎందుకంటే పేను ఎక్కడ దొరికిందన్నది తరువాత నీకు చాలా ఉపయోగపడుతుంది. చీటీ సీసా లోపలే ఉండాలి, పెన్సిల్‌తో రాయాలి. రూపలక్షణాల కోసమైతే 70 శాతం ఆల్కహాలు సరిపోతుంది. డీఎన్ఏ తీసే ఆలోచన ఉంటే 95 శాతంలో వేసి చల్లగా ఉంచు.

స్లైడు తయారీ మీద మాత్రం ఎంత సమయం పెట్టినా వృథా కాదు. పేను బతికి ఉన్నప్పుడు గానీ, ఆల్కహాలులో ఉన్నప్పుడు గానీ దాని లోపలి కండరాలు, పేగులోని ఈక ముక్కలు, నెత్తురు అడ్డుపడి మనకు కావలసిన కైటిన్ నిర్మాణాలు, అంటే గట్టి పైపొర భాగాలు, కనిపించవు. అందుకే పొట్ట పక్కన సన్నని సూదితో ఒక చిన్న రంధ్రం చేసి, 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో ఒక రాత్రి ఉంచు. మరునాడు పేనును నీళ్ళలోకి మార్చి, రెండు సూదుల మధ్య మెల్లగా నొక్కితే పొట్టలోని పదార్థమంతా ఆ రంధ్రం గుండా పొగలాగా బయటికి వస్తుంది. అది పూర్తిగా పోయిందనుకున్నాక కూడా ఇంకోసారి నొక్కి చూడు. తరువాత కొద్దిగా ఎసిటిక్ ఆమ్లం కలిపిన నీళ్ళలో కడిగి, ఆల్కహాలు గాఢతను క్రమంగా పెంచుతూ నీటిని తీసేసి, లవంగనూనెలో ఉంచి, కెనడా బాల్సమ్‌లో అమర్చు. కాళ్ళు విడివిడిగా పరుచుకోవాలి, స్పర్శశృంగాలు, అంటే తలకు రెండు పక్కలా ఉండే మీసాల్లాంటి అంగాలు, తల కింద ఇరుక్కోకూడదు. కవర్ గ్లాసు బరువుకు పొట్ట వెడల్పు పెరుగుతుంది కాబట్టి ఆ వెడల్పును కొలతగా ఎన్నడూ వాడకు.

ఒక సీసాలో పది పేలున్నాయనుకో, పదింటినీ పొటాష్‌లో, అంటే పైన చెప్పిన పొటాషియం హైడ్రాక్సైడ్‌లో, వేయకు. కనీసం రెండింటిని అలాగే ఉంచు. రంగు, పట్టీలు, మచ్చలు పొటాష్‌లో పలచబడతాయి. రంగు మీద ఆధారపడి జాతి నిర్ణయించకూడదు గానీ, ఏవి ఒక గుంపుకు చెందినవో మొదటి చూపులో విడదీసుకోవడానికి అది అక్కరకొస్తుంది.

ఇక పేనును చూద్దాం. పక్షుల మీద బతికే పేలన్నీ నమిలే పేలే, మనిషి పేను వంటి పీల్చే పేల వర్గం పక్షుల మీద లేదు. ఈ నమిలే పేలన్నిటినీ నిట్చ్ అనే శాస్త్రవేత్త 1818లో మల్లోఫాగా అన్న పేరు కింద చేర్చాడు. ఈనాడు ఆ పేరును వర్గీకరణలో ఒక సహజ సమూహంగా అంగీకరించడం లేదు, అయినా పాత పుస్తకాలన్నిటిలో అదే కనిపిస్తుంది కనుక నీకు తెలిసి ఉండాలి. కోడిజాతి పక్షుల పేలు రెండు పెద్ద సమూహాలకు చెందుతాయి. ఒకటి ఆంబ్లిసెరా, రెండోది ఇస్క్‌నోసెరా. మొదటి పేరుకు మొద్దు కొమ్ములు గలవని, రెండో పేరుకు సన్నని కొమ్ములు గలవని గ్రీకులో అర్థం. ఇక్కడ కొమ్ములంటే స్పర్శశృంగాలే, కాబట్టి పేరులోనే గుర్తు దాగి ఉంది.

పేనును వెల్లకిలా అమర్చిన స్లైడు తీసుకుని, తల అడుగుభాగం మీద దృష్టి నిలుపు. ఆంబ్లిసెరాలో స్పర్శశృంగాలు తల పక్కనున్న గాడిలో ముడుచుకుని ఉంటాయి, పైనుంచి చూస్తే కొస మాత్రమే కనిపిస్తుంది, ఒక్కోసారి అసలు కనిపించదు. వాటిలో నాలుగు ఖండితాలు, అంటే కణుపుల్లాంటి ముక్కలు, ఉంటాయి, కొన్నిటిలో అయిదు. మూడో ఖండితం కాడ ఉన్న చిన్న గిన్నెలా ఉండి, ఆఖరి ఖండితం ఆ గిన్నెలో కూర్చున్నట్టు ఉంటుంది. ఇస్క్‌నోసెరాలో స్పర్శశృంగాలు దారంలా సన్నగా, తల పక్కలకు బయటికి చాచుకుని ఉంటాయి. పక్షుల పేలలో వాటికి అయిదు ఖండితాలు. గాడిలోని శృంగం కనిపించక నువ్వు తికమకపడితే జంభికా స్పర్శాంగాల కోసం వెతుకు. నోటికి రెండు పక్కలా ముందుకు పొడుచుకు వచ్చిన చిన్న వేళ్ళలా ఉండే ఈ అంగాలు ఆంబ్లిసెరాలో ఉంటాయి, ఇస్క్‌నోసెరాలో ఉండవు. కొత్తవాళ్ళు చాలాసార్లు వీటినే స్పర్శశృంగాలని పొరబడి ఖండితాలు లెక్కపెట్టడం మొదలుపెడతారు. నోటి పక్కన ఉన్నది స్పర్శాంగం, కంటికి దగ్గరగా గాడిలో ఉన్నది స్పర్శశృంగం అని గుర్తు పెట్టుకుంటే ఆ పొరపాటు జరగదు. హనువుల, అంటే నమిలే దవడల, సంగతి కూడా చూడు. ఆంబ్లిసెరాలో అవి తల అడుగుతలానికి సమాంతరంగా, కత్తెర బల్ల మీద పరిచినట్టు కదులుతాయి. ఇస్క్‌నోసెరాలో ఆ తలానికి నిలువుగా ఉంటాయి.

వక్షం మరో ఆధారం ఇస్తుంది. ఇస్క్‌నోసెరాలో మధ్య వక్షం, అంత్య వక్షం కలిసిపోయి ఒకటిగా కనిపిస్తాయి. ఆంబ్లిసెరాలో చాలావాటికి ఆ రెంటి మధ్య గీత తెలుస్తుంది. కాళ్ళ కొసల్లో రెండేసి గోళ్ళు ఉండటం కూడా చూసుకో. ఒకే గోరున్న నమిలే పేను నీ సీసాలో కనిపిస్తే అది ఏదో పాలిచ్చే జంతువు మీద నుంచి వచ్చిందని, సీసా ఎక్కడో కల్తీ అయిందని అర్థం.

ఇస్క్‌నోసెరా అని తేలినవాటిని మళ్ళీ విడదీయడానికి ముందు శరీరం మొత్తం ఆకారాన్ని ఒకసారి చిన్న వృద్ధిలో, అంటే తక్కువగా పెద్దదిచేసి చూపే లెన్సుతో, చూడు. పేను శరీరం అది ఉండే చోటుకు తగినట్టు ఉంటుంది. రెక్క ఈకల మీద ఉండేది సన్నగా పొడవుగా ఉండి, ఈక పోగుల మధ్య సందులో సరిగ్గా ఇరుక్కుంటుంది, పక్షి ముక్కుతో గోకినా ఊడిరాదు. ఒంటి మీది మెత్తని ఈకల్లో ఉండేది గుండ్రంగా, పొట్టిగా, వెడల్పైన తలతో ఉంటుంది. తల మీద, మెడ మీద ఉండేది దిట్టంగా ఉంటుంది, ఎందుకంటే ఆ చోటును పక్షి తన ముక్కుతో అందుకోలేదు, కాలి గోళ్ళతో గోక్కోవాలి తప్ప. అందుకే సేకరణలో భాగాలను విడిగా ఉంచమని చెప్పాను. పేను ఆకారమూ, అది దొరికిన చోటూ ఒకదాన్నొకటి సమర్థిస్తే నీ నిర్ణయానికి బలం వస్తుంది.

గోనియోడెస్, గోనియోకోటెస్ అన్న రెండు ప్రజాతులూ గుండ్రని పేలవే. గోని అంటే కోణం. వీటి తల వెనుకమూలలు కోణాలుగా సాగి ఉండటం వల్ల ఆ పేరు వచ్చింది. గోనియోడెస్ పేలు సాధారణంగా పెద్దవి, వాటి కోణాలు గట్టిగా తెలుస్తాయి. కోడి మీది గోనియోకోటెస్ గాలినే చాలా చిన్నది, ఇంచుమించు ఒక మిల్లీమీటరు ఉంటుంది, తల పక్కలు గుండ్రదనానికి దగ్గరగా ఉండి, తల పైతలం మీద ఒక్కో పక్కన రెండు పొడవాటి రోమాలు పొడుచుకు వస్తాయి. కానీ పరిమాణం చూసి ఈ రెంటినీ విడదీస్తే పొరబడతావు. చిన్న పూరేడు మీది గోనియోడెస్ పెద్ద పక్షి మీది గోనియోడెస్ కంటే చిన్నగానే ఉంటుంది. నిజమైన తేడా మగపేను స్పర్శశృంగంలో ఉంది.

గోనియోడెస్ చాలా జాతుల్లో మగపేను స్పర్శశృంగం ఆడదానికంటే పూర్తిగా వేరు. మొదటి ఖండితం బాగా లావెక్కి, కొన్నిటిలో దాని మీద ఒక బొడిపె లేచి ఉంటుంది. మూడో ఖండితం ఒక కొసను పక్కకు చాచి కొక్కెంలా ఉంటుంది. సంపర్కంలో మగపేను ఆడపేను కింద ఉండి, ఈ శృంగాలతోనే దాన్ని పట్టుకుంటుంది. నెమలి మీది గోనియోడెస్ పావోనిస్ మగపేనును మొదటిసారి స్లైడు మీద చూసినప్పుడు, దాని శృంగాలు చూసి అది వేరే ప్రజాతికి చెందినదేమో అనిపిస్తుంది. ఆడపేను శృంగం మామూలు దారంలా సన్నగా ఉంటుంది కాబట్టి, ఒకే సీసాలోని ఆడ మగ పేలను రెండు వేర్వేరు జాతులుగా రాసేవాళ్ళు కూడా ఉన్నారు. గోనియోకోటెస్‌లో అలా కాదు, ఆడ మగలకు శృంగాలు ఒకేలా ఉంటాయి. అందువల్ల ఆడపేలు మాత్రమే దొరికితే ఈ ప్రజాతుల దగ్గర నిదానించు. మగపేను దొరికేదాకా పేరును పెన్సిల్‌తో మాత్రమే రాయి.

సన్నని పేలలో లిప్యూరస్ ముందు వస్తుంది. కోడి రెక్క ఈకల అడుగున దొరికే లిప్యూరస్ కాపోనిస్ సుమారు రెండున్నర మిల్లీమీటర్ల పొడవు ఉండి, చాలా సన్నగా, పక్కలు సమాంతరంగా కనిపిస్తుంది. దాని వెనుక కాళ్ళు ముందు రెండు జతల కంటే దాదాపు రెండింతల పొడవు. ఇక్కడా మగపేను శృంగంలోని మొదటి ఖండితం లావుగా ఉంటుంది. కోడి తల మీద, మెడ మీద ఉండే కుక్లోటోగాస్టర్ హెటెరోగ్రాఫస్ దీనికి దగ్గరి బంధువైనా, పొట్ట నడిమి భాగం వెడల్పై, తల గుండ్రంగా ఉండి, దూరం నుంచే వేరుగా తెలుస్తుంది. టర్కీ మీది చెలోపిస్టెస్ మెలియాగ్రిడిస్ తల వెనుకమూలలు మొనతేలి, పొడవాటి రోమాలతో ఉంటాయి. దాన్ని ఒకసారి చూస్తే మరిచిపోవు. దాని పక్కనే టర్కీ మీద ఆక్సిలిప్యూరస్ అనే సన్నని పేను కూడా ఉంటుంది.

ఆంబ్లిసెరాలో నీకు ఎదురయ్యేవి దాదాపు అన్నీ మెనోపోనిడే కుటుంబానివే. వీటిలో ముఖ్యమైన తేడాను తల అడుగునే చూడాలి. మెనాకాంథస్ ప్రజాతిలో జంభికా స్పర్శాంగాల మొదళ్ళ దగ్గర, రెండు పక్కలా ఒక్కొక్కటి చొప్పున, దృఢమైన ముల్లు ఉంటుంది. మెనోపాన్‌లో ఆ ముళ్ళు ఉండవు. మైక్రోస్కోపు సూక్ష్మ మర చక్రాన్ని చాలా నెమ్మదిగా తిప్పు. స్పర్శాంగం స్పష్టంగా కనిపించే లోతులో ముల్లు మసకగా ఉంటుంది, ఇంకొంచెం తిప్పితే స్పర్శాంగం మసకబారి ముల్లు మొన నల్లగా, పదునుగా తేలుతుంది. ఒకే లోతులో చూసి ముల్లు లేదని రాసేయడం వల్ల ఎన్నో స్లైడ్ల మీద పేర్లు తప్పుగా ఉన్నాయి. నాకు కనిపించలేదు అని రాయడానికీ, లేదు అని రాయడానికీ చాలా తేడా ఉంది, మరచక్రాన్ని పైనుంచి కిందిదాకా పూర్తిగా తిప్పిన తరువాతే లేదు అన్న మాట రాయి.

కోడి మీద ఈ రెండు ప్రజాతులూ కలిసే దొరుకుతాయి. మెనోపాన్ గాలినే సుమారు రెండు మిల్లీమీటర్లు, మెనాకాంథస్ స్ట్రామినియస్ సుమారు మూడు. మొదటిదాని ఉదరం వీపు ఫలకాల (గట్టి పలకల) మీద రోమాలు ఒక్కో ఫలకానికి ఒక్క వరుస, రెండోదాని ఫలకాల మీద రెండు వరుసలు. ఇది చూడటానికి చాలా సులువు కాబట్టి అందరూ దీన్నే పట్టుకుంటారు. అయితే రెండు వరుసలన్నది స్ట్రామినియస్ జాతి లక్షణమే గాని, మెనాకాంథస్ ప్రజాతి మొత్తానికి లక్షణం కాదు. ఒక్క వరుస ఉన్న మెనాకాంథస్ జాతులు ఉన్నాయి. ముల్లు ప్రజాతిని చెబుతుంది, రోమాల వరుసలు జాతిని చెప్పడానికి తోడ్పడతాయి. ఈ రెంటి అంతస్తులు కలపకు.

కాల్పోసెఫాలమ్‌ను వెనుక కాలి తొడ భాగం అడుగున చూసి పట్టుకోవాలి. అక్కడ పొట్టి ముళ్ళు దువ్వెన పళ్ళలా వరుసగా పేర్చినట్టు ఉంటాయి, ఉదరం మూడో ఖండితం అడుగు ఫలకం మీద కూడా అటువంటి దువ్వెనలే ఉంటాయి. మెనోపాన్, మెనాకాంథస్, అమిర్సిడియాల్లో ఆ చోట దువ్వెన ఉండదు, కుంచెలాగా గుంపుగా లేచిన రోమాలు ఉంటాయి. దువ్వెనా, కుంచా అన్న ప్రశ్న ఒక్కటి అడిగితే చాలు. ఫెజంట్ల మీద, నెమళ్ళ మీద దొరికే అమిర్సిడియా చూడటానికి మెనోపాన్‌ను చాలా పోలి ఉంటుంది, దాన్ని తేల్చడానికి అడుగు ఫలకాల మీది రోమాల అమరికా, జననాంగాలూ పరీక్షించక తప్పదు, తొందరపడకు.

మూడో ఖండితం అన్నాను గనుక ఖండితాల లెక్క గురించి చెప్పాలి. ఈ లెక్క దగ్గరే ఎక్కువమంది తప్పుతారు. ఇస్క్‌నోసెరాలో ఉదరం మొదటి ఖండితం విడిగా కనిపించదు, మనకు కనిపించే మొదటిదాన్ని రెండోదిగా లెక్కించాలి. మెనోపోనిడేలో మొదటిది కూడా కనిపిస్తుంది. కాబట్టి పైనుంచి ఒకటి రెండు అని లెక్కపెట్టడం మాని, శ్వాసరంధ్రాలను వెతుకు. ఉదరం పక్కల మీద ఆరు జతల చిన్న ఉంగరాలు కనిపిస్తాయి, అవి మూడో ఖండితం నుంచి ఎనిమిదో ఖండితం దాకా ఉంటాయి. మొదటి ఉంగరం ఉన్నది మూడో ఖండితం అని గుర్తించి, అక్కడి నుంచి ముందుకూ వెనక్కూ లెక్కపెట్టు. వర్ణనలో ఆరో ఫలకం మీద ఇన్ని రోమాలు అని ఉంటే, నువ్వు అయిదో ఫలకం చూసి తేడా ఉందనుకోవడం అప్పుడు జరగదు. రోమం రాలిపోయినా దాని గుంట కైటిన్ మీద చిన్న వలయంగా మిగులుతుంది, దాన్ని కూడా లెక్కలో చేర్చు.

నీ సీసాల్లో సగం దాకా పిల్లపేలు ఉంటాయి. ఈపిలోంచి వచ్చిన పేను మూడుసార్లు కుబుసం విడిచాక పెద్దదవుతుంది. పిల్లపేలలో రోమాలు తక్కువ, ఫలకాలు పలచన, జననాంగాలు ఏర్పడి ఉండవు, మగపేను శృంగపు ప్రత్యేకత రాదు. అందువల్ల ఒక గోనియోడెస్ పిల్లను గోనియోకోటెస్ అని అనుకోవడం ఎంతో సులువు. పొట్ట చివర జననాంగాలు కనిపించని పేనును పక్కన పెట్టు, దాని మీద ప్రజాతి దాటి పేరు రాయకు. అవి పనికిరావని కాదు, ఒకే పక్షి మీద పెద్దవి తేలాక వాటితో పోల్చి చూడవచ్చు.

జాతిని చివరగా తేల్చేది చాలాసార్లు మగపేను జననాంగమే. పొటాష్‌లో సరిగా శుభ్రమైన స్లైడు మీద అది పొట్ట వెనుకభాగంలో గోధుమరంగు కడ్డీలా కనిపిస్తుంది. ముందున్న పలక, దాని చివర రెండు చేతుల్లాంటి భాగాలు, వాటి మధ్య ఉన్న చిన్న నిర్మాణం, ఈ మూడింటి ఆకారం దగ్గరి జాతుల మధ్య కూడా మారుతుంది. పెద్ద వృద్ధిలో, నూనె లెన్సుతో చూసి, దాన్ని చేత్తో గీయి. ఫొటో తీయవద్దని అనడం లేదు, కానీ ఫొటోలో ఒకే లోతు ఉంటుంది. గీసేటప్పుడు నువ్వు మరచక్రాన్ని తిప్పుతూ పై పొరనూ కింది పొరనూ వేరుచేసి అర్థం చేసుకుంటావు. ఆడపేలకు ఈ కడ్డీ ఉండదు, వాటిలో జననరంధ్రం అంచున ఉన్న రోమాల సంఖ్య, అమరిక చూడాలి.

కొలతల విషయానికి వస్తే, తల పొడవు, కణతల దగ్గర తల వెడల్పు, ఈ రెంటి నిష్పత్తి నమ్మదగినవి. ఎందుకంటే తల గట్టిగా ఉండి కవర్ గ్లాసు కింద అంతగా సాగదు. మొత్తం పొడవు కూడా రాసుకో, కానీ దాన్ని తోడుగా మాత్రమే వాడు. ఒక్క పేనును కొలిచి సరిపెట్టుకోకు, ఆడవీ మగవీ వేర్వేరుగా, దొరికినన్ని కొలువు. పెద్ద పక్షుల మీది పేలు చిన్న పక్షుల మీది దగ్గరి బంధువుల కంటే పెద్దవిగా ఉంటాయని హారిసన్ అనే పేల పరిశోధకుడు 1915లో గమనించాడు, ఆ సూత్రం ఆయన పేరుతోనే నిలిచింది. కోడిజాతి పక్షుల్లో పూరేడు నుంచి నెమలి దాకా పరిమాణంలో ఎంత తేడా ఉందో నీకు తెలుసు. అందువల్ల, పరిమాణం మాత్రమే వేరై మిగిలిన లక్షణాలన్నీ ఒకటే అయితే కొత్త జాతి అని ఉత్సాహపడకు.

పేర్ల దగ్గర ఓపిక కావాలి. లిన్నేయస్ 1758లో కోడి పేనుకూ నెమలి పేనుకూ పేర్లు పెట్టినప్పుడు అన్నిటినీ మనిషి పేనుతో కలిపి పెడిక్యులస్ అన్న ఒకే ప్రజాతిలో ఉంచాడు. తరువాత నిట్చ్ గోనియోడెస్, లిప్యూరస్, మెనోపాన్, కాల్పోసెఫాలమ్ వంటి ప్రజాతులను విడదీశాడు. కోడిజాతి పక్షుల పేలను శ్రద్ధగా సరిచూసినవారిలో థెరెసా క్లే పేరు నువ్వు తప్పక వింటావు. ఆమె 1938లో లిప్యూరస్‌నూ దాని బంధువులనూ, 1940లో గోనియోడెస్‌నూ తిరిగి పరిశీలించి ప్రచురించింది. నువ్వు గుర్తింపు సూచిక, అంటే లక్షణాలను ఒక్కొక్కటిగా ప్రశ్నిస్తూ పేరు దాకా తీసుకెళ్ళే పట్టిక, వాడేటప్పుడు, అది ఏ ఏడాదిదో, అప్పటికి ఏయే ప్రజాతులు ఒకటిగా ఉండేవో చూసుకో. సూచికలో నీ పేను లేకపోతే సూచిక ఏదో ఒక కొసకు నిన్ను తీసుకుపోతుంది తప్ప, ఇది ఇక్కడ లేదు అని చెప్పదు. అందుకే సూచిక చెప్పిన పేరును మూల వర్ణనతోనూ, వీలైతే మ్యూజియంలోని ప్రామాణిక నమూనాతోనూ (ఆ జాతికి పేరు పెట్టడానికి ఆధారమైన నమూనా) పోల్చాలి. డీఎన్ఏ తీసేవాళ్ళు కూడా ఈనాడు పేను కవచాన్ని పారేయకుండా దాచి స్లైడు చేస్తున్నారు. ఆ పద్ధతి నువ్వు కూడా పాటించు, లేకపోతే డీఎన్ఏ వరుస ఎవరిదో రేపు చెప్పడానికి చేతిలో ఏమీ ఉండదు.

ఈ వారం ఫెజంట్ సీసాలు ముట్టుకోకు. పెంపుడు కోడి నుంచి నువ్వే స్వయంగా తీసిన పేల సీసా ఒకటి ఉందని రాశావు కదా, దాంతో మొదలుపెట్టు. అందులో మెనోపాన్, మెనాకాంథస్, లిప్యూరస్, గోనియోకోటెస్ నాలుగూ దొరికే అవకాశం బాగా ఉంది. ఒక్కొక్కదానివి ఆడ ఒకటి, మగ ఒకటి చొప్పున స్లైడ్లు చేసి, తల అడుగుభాగాన్ని గీసి, ముల్లు ఉన్న చోట బాణం గుర్తు పెట్టి నాకు పంపు. శ్వాసరంధ్రాల మీద ఖండితాల అంకెలు కూడా వేయి. అవి చూశాక ఫెజంట్ సీసాల సంగతి రాస్తాను.

ఆశీస్సులతో,
మాస్టారు